పసుపు గడి

పొలంలో విత్తనం పడకముందే కాగితం మీద పొలం సిద్ధం కావాలి. ఏ మడిలో ఏ రకం వేయాలో, ఏ మడి పక్కన ఏది రావాలో, నడిచే దారి ఎంత వెడల్పు ఉండాలో అన్నీ ముందుగా గీసి ఉండాలి. గీయనిది విత్తకూడదు. గీసినదాన్ని విత్తేటప్పుడు మార్చకూడదు. వ్యవసాయ కళాశాలలో గణాంక శాస్త్రం బోధించినంత కాలం ఈ మాటలు ప్రతి ఏటా కొత్త విద్యార్థులకు మొదటి తరగతిలోనే చెప్పేవాణ్ణి. వారిలో కొందరు వెనుక బల్లల మీద నవ్వుకునేవారని నాకు తెలుసు. నవ్వుతారని చెప్పవలసినది చెప్పకుండా ఉండలేము కదా.

పదవీ విరమణ చేసిన తరువాత, అనంతగిరి కొండల్లో చిరుధాన్యాల విత్తన పరీక్షలు జరిపే ఒక చిన్న సంస్థ నన్ను సలహాకు రమ్మని పిలిచింది. పరీక్ష సామల మీద. కొండవాళ్ళు దాచుకుంటూ వచ్చిన రకాలలోనూ, పరిశోధన కేంద్రాల నుంచి వచ్చిన రకాలలోనూ ఏవి ఆ నేలలో నిలకడగా పండుతాయో తేల్చడం పని. టైడా స్టేషన్లో రైలు దిగి, కాఫీ తోటల నీడలో చాలా దూరం ఎక్కితే ఒక ఊరు వస్తుంది. ఆ ఊళ్ళో భర్త లేని ఒక రైతు తన పొలాన్ని పరీక్షకు ఇచ్చింది. కొండవాలున మూడు మెట్లుగా దిగే పొలం. ఆమెకు ఒక్కతే కూతురు. వ్యవసాయ పాలిటెక్నిక్‌లో డిప్లొమా చదివి, అదే సంస్థలో పరీక్షలు చూసుకునే ఉద్యోగంలో చేరింది. స్టేషనుకు వచ్చి నన్ను కలుసుకుని, నా సంచి తాను మోస్తానని ప్రతిసారీ అడిగేది. నేను ప్రతిసారీ వద్దనేవాణ్ణి. ఊరి మొదట్లో ఉన్న ఏటవాలు దగ్గరికి వచ్చేసరికి సంచి ఆమె భుజం మీదే ఉండేది.

పరీక్ష పద్ధతి కష్టమైనది కాదు. ఒక్కొక్క మెట్టులో ఐదు మడులు, ఐదు రకాలు. ఏ మడికి ఏ రకమో మనిషి నిర్ణయించకూడదు. మనిషికి ఇష్టాయిష్టాలు ఉంటాయి. తనకు నచ్చిన రకాన్ని తెలియకుండానే మంచి మట్టిలో పెట్టుకుంటాడు. అందుకని చీటీలు తీసినట్టు తీయాలి, పడినది పడినట్టు ఒప్పుకోవాలి. మా కాలంలో గళ్ళ కాగితం మీద పెన్సిలుతో మడులు గీసి, ఒక్కొక్క రకానికి ఒక్కొక్క రకపు గీతలు నింపేవాళ్ళం. ఒకదానికి నిలువు గీతలు, ఒకదానికి అడ్డగీతలు, ఒకదానికి చుక్కలు. ఆ అమ్మాయి ఆ పనంతా లాప్‌టాప్‌లో చేసేది. చీటీలు కంప్యూటరే తీసేది. తీసినదాన్ని స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్స్‌పోర్ట్ చేస్తే, ఒక్కొక్క మడికి ఒక్కొక్క గడి, ఒక్కొక్క రకానికి ఒక్కొక్క రంగు, గడిలో రకం సంకేతాక్షరంతో సహా పొలమంతా తెర మీద పరుచుకునేది.

మొదటిసారి చూపించినప్పుడు నాకు నచ్చలేదు.

"రంగులు అలంకారం. గీతలు పెట్టు, చాలు" అన్నాను.

"గీతలు మీకు చాలు సార్. మా అమ్మకి సూపిత్తే, ఇన్ని గోనెసంచులు ఎందుకే అంటాది."

ఆమె వాదనలో విషయం ఉంది. విత్తేవారిలో అక్షరం చదివేవాళ్ళు ఎవరూ లేరు. ఆమె అరకు సంతలో దర్జీ దగ్గర రంగు రంగుల గుడ్డ పీలికలు తెచ్చి, స్ప్రెడ్‌షీట్‌లో ఏ గడికి ఏ రంగు ఉందో ఆ మడి గూటానికి ఆ రంగు పీలిక కట్టేది. విత్తనాల పొట్లానికీ అదే రంగు పీలిక. పొట్లం రంగూ గూటం రంగూ కలిస్తేనే చెయ్యి దించాలి. విత్తే ఆడవాళ్ళు ఒకరి పొట్లం ఒకరు లాక్కుని, "ఓలమ్మ, నీది ఎరుపు, నా మడిలోకి వస్తన్నావేటే, దొంగమొకమా" అని నవ్వుకుంటూ విత్తారు. ఆ సాయంత్రం నేను మడి మడీ తిరిగి చూశాను. ఒక్క పొరపాటు కూడా జరగలేదు. మరుసటి రోజు నుంచి గీతల మాట ఎత్తలేదు.

పరీక్షకు పెట్టిన ఐదు రకాలలో ఒకటి వాళ్ళ ఇంటి సామ. తల్లి ఆనపకాయ బుర్రలో పోసి, పొయ్యి పైన పొగకు వేలాడదీసి దాచే విత్తనం. ఆ రకానికి అమ్మాయి పసుపు రంగు ఇచ్చింది. ఎందుకని అడిగితే, "మేం పండించేదే కదా సార్ పసుపు. అమ్మకి గుర్తుంటాది" అంది. తల్లికి నిజంగానే గుర్తుంది. ప్రింటు తీసిన కాగితం చేతికిస్తే తలకిందులుగా పట్టుకున్నా సరే, పసుపు గడుల మీద వేలు పెట్టి, "ఇది నాది, ఇది నాది, ఇది నాది" అని చెప్పేది. మిగతావన్నీ సర్కారువట.

ఆ ఏడాది ఒక చిక్కు వచ్చింది. కేంద్రం నుంచి వచ్చిన రకాలలో ఒకటి అన్నింటికంటే ముందుగా పండిపోయింది. కోయించమన్నాను. అమ్మాయి కదలలేదు.

"కొత్త కాలేదు సార్."

కొత్త అంటే ఆ ఊళ్ళో పండిన గింజను మొదట దేవతకూ పెద్దలకూ పెట్టుకునే పండగ. రోజు ఊరిపెద్ద చెబుతాడు. అది అయ్యేదాకా సామ చేలో ఎవరూ కొడవలి పెట్టరు, గింజ నోట వేసుకోరు.

"ఇది తినడానికి కాదు, పరీక్షకు" అన్నాను.

"ఆ సంగతి గింజకి తెలుసా సార్?"

కూలికి ఎవరూ రాలేదు. పండగ వచ్చేసరికి ఆ మడులలో గింజ చాలా వరకు నేల రాలిపోయింది. అమ్మాయి స్ప్రెడ్‌షీట్‌లో ఆ గడుల రంగు వెలిసిపోయినట్టు చేసి, పక్కన కారణం అనే చోట 'పండగ' అని వ్రాసింది. అలా వ్రాయకూడదు, 'కోత ఆలస్యం' అని వ్రాయాలన్నాను. మరునాడు చూస్తే 'పండగ వలన కోత ఆలస్యం' అని ఉంది. దిద్దలేదు. అది సత్యమే గనుక.

చలికాలంలో ఆమెకు జ్వరం వచ్చింది. చిన్నప్పటి నుంచి ఉన్న రక్తపు జబ్బు ఆ జ్వరంతో తిరగబడిందని డాక్టర్లు చెప్పారట. పట్నం ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. నేను చూడడానికి బయలుదేరాలనుకున్న రోజునే, వద్దు, ఊరికి తెచ్చేస్తున్నారని సంస్థ నుంచి ఫోను వచ్చింది. మూడవ మెట్టు చివర, గట్టును ఆనుకుని ఆమెను పాతిపెట్టి తలవైపు ఒక రాయి నిలబెట్టారు. నేను వెళ్ళేసరికి రాయి పాదాల దగ్గర పసుపు ముద్ద ఎండి పగిలి ఉంది. ఆ రోజు స్టేషను నుంచి ఊరిదాకా సంచి నేనే మోసుకున్నాను.

పరీక్ష రెండేళ్ళది. ఒక ఏటి వాన చూసి ఏ రకాన్నీ మంచిదని చెప్పలేము. వేసవి చివర సంస్థవారు ఆమె లాప్‌టాప్‌ను నాకు అప్పగించారు. ఫైలు ఆమె పెట్టిన చోటనే పెట్టినట్టు ఉంది. పోయిన ఏడు గింజ రాల్చిన తొందరపాటు రకాన్ని తీసి, దాని చోట ఇంకో రకాన్ని చేర్చాను. చీటీలు తీయించాను. ఎక్స్‌పోర్ట్ చేయించాను. రంగుల గడులు వచ్చాయి. ప్రతి గడిలోని సంకేతాక్షరాన్నీ జాబితాతో రెండుసార్లు సరిచూశాను. అన్నీ సరిగ్గా ఉన్నాయి. కొత్తవలసలో ఒక దుకాణంలో రంగుల ప్రింటు తీయించి కొండకు తీసుకువెళ్ళాను.

తల్లి గుమ్మంలో కూర్చుని చింతగింజలు వేరుచేస్తోంది. కాగితం అందుకుని చేట మీద పరిచింది. మొదట మూడవ మెట్టు ఎటువైపో అడిగింది. చూపించాను. చివరి మడి ఏదో అడిగింది. చూపించాను. ఆ గడి పసుపు రంగులో ఉంది.

"పడింది!" అంది. అరిచినట్టుగా అంది. "సూసినారా బాబూ, పడింది! నా గుంట పక్కనే పడింది!"

గుంట అంటే వాళ్ళ మాటలో ఆడపిల్ల. ఏమిటమ్మా అని అడిగాను.

"కొత్త పెట్టాలి కదా బాబూ దానికి. సచ్చిపోయినోళ్ళకి ఏడు తిరిగేలోపల కొత్త పెట్టకపోతే ఆకలితో తిరుగుతాది. ఇంటి సామే పెట్టాలి. అది పడుకున్న కాడ నేలలోదే పెట్టాలి. నాకు పైన ఇంకో పొలం సెక్క ఉంది, అందులో ఎయ్యొచ్చు. కానీ గుంట ఇక్కడుంది కదా. ఏం పడతాదో, ఏం పడతాదో అని ఇన్నాళ్ళూ నిద్దర లేదు నాకు." కాగితాన్ని కళ్ళకు అద్దుకుంది.

నేను ఆ గడి మీదికి వంగాను. గడిలోని అక్షరం ఇంటి సామది కాదు. కొత్తగా చేర్చిన రకానిది.

జరిగినది నాకు అక్కడికక్కడే అర్థమైంది. ఎక్స్‌పోర్ట్ చేసినప్పుడు సాఫ్ట్‌వేరు రంగులను తనకు తోచిన వరుసలో పంచుతుంది. ఏ రకానికి ఏ రంగు పోతుందో దానికి పట్టదు. పోయిన ఏడు ప్రతి ప్రింటుకూ ముందు ఆ అమ్మాయి కూర్చుని రంగులను ఒక్కొక్కటిగా తన వరుసకు తెచ్చుకునేది కాబోలు. జీవితమంతా అక్షరాలను చదివినవాణ్ణి నేను. రంగులను చదవలేదు. ఇంటి సామ ఆ మెట్టులో అవతలి కొసన, బూడిద రంగు గడిలో ఉంది.

చెప్పకుండా ఉండలేను. విత్తే రోజున ఆమె ఎలాగూ చూస్తుందని కాదు. చూడకపోయినా చెప్పవలసిందే. చెప్పాను. మెల్లగా, రెండు ముక్కల్లో చెప్పాను.

ఆమె వేలు పసుపు గడి మీదనే ఉంది.

"రంగే కదా బాబూ తప్పు. మార్చీండి."

"రంగు మారుస్తానమ్మా. మడి మారదు. ఆ మడికి వేరే రకం పడింది."

"మళ్ళీ తియ్యండి సీటీ."

"మనకు కావలసింది పడేదాకా తీస్తే అది చీటీ కాదు."

ఆమె చింతగింజ ఒకటి తీసి ఇటు నుంచి అటు వేసింది.

"నా గుంటకీ అలాగే పడింది కదా బాబూ" అంది. "మళ్ళీ తియ్యండని ఎవర్నడిగినాం?"

లేచి పొలంలోకి వెళ్ళాను. మూడవ మెట్టు గట్టు మీద కూర్చుని కాగితం విప్పాను. తొలివాన పడిన నేల తడి ఆరకుండా ఉంది. రాయి నాకు నాలుగు అడుగుల దూరంలో ఉంది. కాగితం మీద చివరి మడి దాటగానే, పొలం చుట్టూ అక్షరాలు లేని గడుల వరుస ఒకటి ఉంది. అంచు వరుస. నేల మీద ఆ వరుస రాయి పాదాల పక్కగా పోతుంది.

ప్రయోగం వేసిన పొలం చుట్టూ అంచు వేయడం మా పద్ధతి. గాలి, పశువుల నోరు, దారిన పోయేవారి కాళ్ళు ముందుగా తగిలేది అంచుకే. లోపలి మడులు క్షేమంగా ఉండడానికి అది నష్టపోతుంది. దాని దిగుబడి లెక్కలోకి రాదు. చుట్టూ ఒకే రకం ఉండాలన్నది నియమం. ఏ రకమన్నది పరీక్ష నడిపేవారి ఇష్టం. చీటీ లేనిది ఆ ఒక్క చోటే. పోయిన ఏడు మిగిలిపోయిన విత్తనం ఏదో వేశాము.

తిరిగి వచ్చి ఆమెకు చెప్పాను. అంచంతా ఇంటి సామ వేద్దాం, రాయి పక్కగా కూడా అదే వస్తుంది అన్నాను.

ఆమె ముఖం వికసిస్తుందనుకున్నాను. ఆమెకు కోపం వచ్చింది.

"ఒడ్డునా? గొడ్లు తొక్కే కాడా? పొలం నడిమిన రాణీలాగ తిరిగింది బాబూ నా గుంట. ఏటి, ఇప్పుడు దాని కూడు ఒడ్డున ఎయ్యమంటారా? మీ లెక్కలో లేని కాడ?"

"లెక్కలో లేదు. నిజమే" అన్నాను. "కాని అమ్మా, అంచు ముందు కోస్తాం."

"ముందంటే?"

"అన్ని మడుల కంటే ముందు. అంచు గింజ మడి గింజలో కలవకూడదు. అందుకని అంచు కోసి, మోపులు బయటికి తీసేసిన తరువాతనే మడుల్లో కొడవలి పెట్టాలి. పోయిన ఏడు మీ అమ్మాయి అలాగే చేయించింది."

ఆమె చేటను పక్కకు జరిపింది.

"అంచు కొయ్యకుండా మీరూ మడి ముట్టుకోరేటి?"

"ముట్టుకోము."

"పెద్ద సారులకీ కొత్త ఉందన్న మాట" అంది. నవ్వలేదు. కాని గొంతులో కోపం లేదు. కాసేపటికి, "అయితే ఎయ్యండి" అంది.

రంగులు సరిచేయడానికి నాకు పోయిన ఏటి పీలికలు కావలసి వచ్చాయి. ఆమె వాటిని ఉతికి, ఆరబెట్టి, వెదురు బుట్టలో దాచి ఉంచింది. వాటిని ఇంటికి తెచ్చుకుని, బల్ల మీద వరుసగా పెట్టుకుని, ఒక్కొక్క పీలికనూ తెర పక్కన పట్టుకుని చూస్తూ ఒక్కొక్క రకానికి దాని రంగు ఇచ్చాను. ఎండకు వెలిసిన ఎరుపుకు సరైన ఎరుపు ఏదో తేల్చుకోవడానికి చాలా సమయం పట్టింది. అమ్మాయి ఉంటే అర నిమిషంలో చేసేది, నన్ను చూసి ఏదో ఒక మాట అనేది. చివరికి పటం చుట్టూ అంచు గడులన్నింటికీ పసుపు నింపాను. రాయి ఉన్నచోట ఒక గడి మిగిలింది. అటువంటి గడిలో 'సాగులో లేదు' అని వ్రాయడం ఆనవాయితీ. బండరాయికీ, చెట్టు మొదలుకూ అలాగే వ్రాస్తాము. దానిని ఖాళీగా వదిలివేశాను. నా చేతి మీదుగా వెళ్ళిన పటాలలో వివరణ లేని గడి అదొక్కటే.

ఆ ఏడు వానలు బాగానే పడ్డాయి. అంచు మాత్రం అంచులాగే బ్రతికింది. ఒక పక్క ఆవులు మేశాయి. ఇంకో పక్క పిట్టలు వాలాయి. కాఫీ తోటలకు పోయేవారు అడ్డదారి తొక్కి ఒక మూలను దారి చేసేశారు. రాయి పక్కనున్న నాలుగు బారల మేర తల్లి ముళ్ళకంప నరికి తెచ్చి కట్టింది. పటంలో లేని కంచె అది. చూశాను, ఊరుకున్నాను.

ఊరిపెద్ద కొత్తకు రోజు చెప్పాడు. నేను ముందురోజే వెళ్ళి ఉన్నాను. తెల్లవారి తల్లి స్నానం చేసి, పొడి చీర కట్టుకుని, కంప తీసి, రాయి పక్క వరుసను తానే కోసింది. కోతకు వచ్చిన ఆడవాళ్ళు కొడవళ్ళు పట్టుకుని గట్టు మీద నిలబడ్డారు. విత్తే రోజున నవ్వులతో పొలాన్ని హోరెత్తించినవాళ్ళే. కోసినది చిన్న మోపు. నలిపి, వేయించి, దంచి, చెరిగితే దోసెడు బియ్యం వచ్చాయి. వండి, అడ్డాకులో పెట్టి, రాయి ముందు ఉంచింది. కూతురిని పేరుతో పిలిచింది. అన్నం తినమని పిలిచినట్టే పిలిచింది. "బేగి రావే. సల్లారిపోతాది" అంది.

తరువాత ఇంకో అడ్డాకులో పిడికెడు పెట్టి నాకు ఇచ్చింది.

"మీరూ తినండి బాబూ. సార్ తిన్నారా, సార్ తిన్నారా అని అడిగీది మీరు వచ్చినప్పుడల్లా."

గట్టు మీద కూర్చుని తిన్నాను. ఉప్పు లేని సామన్నం, పొగ వాసన.

కోతవాళ్ళు ఇంకా కదలలేదు. నన్ను చూస్తున్నారు. నేను చెప్పాలి. కోత మొదలు పెట్టండి అని చెప్పడం పరీక్ష నడిపేవారి పని. నోట్లో అన్నం ఉంది. అది చూసి తల్లి లేచింది. చీర కొంగు నడుముకు దోపుకుని, మిగిలిన అంచు వైపు చెయ్యి చూపింది.

"నిలబడిపోనారేటే? ముందు ఒడ్డంతా కొయ్యండి, మోపులు ఇవతల పడెయ్యండి. ఆ తరవాతే మడులు. గింజలు కలిసిపోతే సారు లెక్క సెడిపోద్ది."

ఆడవాళ్ళు వంగారు. నేను పటం మడత విప్పి, చేతి కింద అట్ట పెట్టుకుని, మొదటి మడి దగ్గరికి నడిచాను.